ఇంట్లో స్కీ ప్రెస్ కడుతున్నాను, 60 పీఎస్ఐకి ఆగుతుందా? లెక్క చూసి చెప్పండి

మంచుబాబు (సాల్ట్ లేక్ సిటీ) · అక్టోబర్ 8
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మంచు మీద జారడం ముప్పై దాటాక నేర్చుకున్నాను. ఇప్పుడు డిసెంబర్ వచ్చిందంటే కాలు ఇంట్లో నిలవదు. కొనుక్కున్న స్కీలు చాలవన్నట్టు, సొంతంగా ఒక జత చేసుకోవాలనే పిచ్చి పట్టింది.

గరాజ్‌లో ప్రెస్ కట్టాలని ప్లాన్. కింద రెండు, పైన రెండు 6 అంగుళాల ఐ-బీమ్‌లు, ఒక్కొక్కటి 2 మీటర్ల పొడవు. పాత ఇనప సామాను యార్డులో దొరికాయి. పైవాటినీ కిందివాటినీ ఆరు చోట్ల అడ్డపట్టీలు వేసి బోల్టులతో కలుపుతాను. మధ్యలో కింద ప్లైవుడ్ అచ్చు, దాని మీద స్కీ, ఆ పైన ఫైరింజన్ల వాళ్లు వాడి పక్కన పడేసిన 4 అంగుళాల హోస్ రెండు ముక్కలు పక్కపక్కన. రెండు చివరలూ బిగించేసి కంప్రెసర్‌తో గాలి ఎక్కిస్తే హోస్ ఉబ్బి స్కీని అచ్చు మీదకి నొక్కుతుంది. ఇంతే యంత్రం.

గాలి ఒత్తిడి అందరూ 40 నుంచి 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌన్లు) అంటున్నారు కాబట్టి 60కి కడదామనుకుంటున్నాను. ఫ్రేమ్ ఆగుతుందా?

ఊరికే_చూస్తున్నా (ఖమ్మం) · అక్టోబర్ 8
మేం ఫ్రిజ్‌లో తప్ప మంచు చూసినవాళ్లం కాదు, తప్పుగా అనుకోకండి. స్కీ అంటే ముందు వంకర తిరిగిన చెక్కే కదా. మంచి వడ్రంగి దగ్గరికెళ్తే ఒక పూటలో చేసివ్వడా? ఇంత ఇనుమెందుకు?

మంచుబాబు · అక్టోబర్ 9
వందేళ్ల కింద మీరన్నట్టే చేసేవాళ్లు, ఒకే చెక్కని ఆవిరి పట్టి వంచి. ఇప్పుడది పూతరేకులాగా పొరలు పొరలు. అన్నిటికంటే కింద జారే ప్లాస్టిక్, 1.2 మిల్లీమీటర్ల మందం. దాని అంచు చుట్టూ సన్నని ఉక్కు పట్టీ, ఐసు మీద పట్టు దొరికేది దానివల్లే. పైన గ్లాస్ ఫైబర్ బట్ట, తర్వాత చెక్క గుండె, మళ్లీ గ్లాస్ ఫైబర్, చివర రంగుల నైలాన్ షీటు. అన్నిటినీ ఎపాక్సీతో అతికించాలి. ఆ జిగురు గట్టిపడేదాకా పొరలన్నీ ఒక వంపులో, ఎక్కడా గాలి చిక్కకుండా, ఒకేలా నొక్కి ఉంచాలి. ప్రెస్ అందుకు.

వంపు అంటే లారీ కమాన్ పట్టీ గుర్తు తెచ్చుకోండి. నేల మీద పెడితే స్కీ మధ్యభాగం కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. మనిషి ఎక్కితే అణిగి, బరువు ముందుకీ వెనక్కీ పంచుతుంది.

కొయ్యపని (హైదరాబాద్) · అక్టోబర్ 9
చెక్క గుండె అన్నాక నేను మాట్లాడకుండా ఉండలేను. ఏ చెక్క? ఒకే పలకా, అతుకులా?

మంచుబాబు · అక్టోబర్ 9
అతుకులే అన్నా. పక్కలకి యాష్, మధ్యలో పాప్లర్. 2 సెంటీమీటర్ల వెడల్పు బద్దలు నిలువుగా పేర్చి జిగురు పెడుతున్నాను. మధ్యలో 11 మిల్లీమీటర్లు ఉండి, రెండు చివరలకీ 2 మిల్లీమీటర్లకి దిగాలి. కొందరు పలోనియా వాడతారు, చాలా తేలిక. మన కొండపల్లి బొమ్మల పొణికి చెక్క చేతిలో పట్టుకున్నట్టే ఉంటుంది. కానీ స్క్రూ పట్టదు. బూటు బిగించే బైండింగ్ కింద గట్టి చెక్క ఉండి తీరాలి.

కొయ్యపని · అక్టోబర్ 10
మంచి ఎంపిక. ఒక్క మాట గుర్తుంచుకో తమ్ముడూ: బద్దలు పేర్చేటప్పుడు ఒకదాని ఈనె ఇటు తిరిగితే పక్కదాని ఈనె అటు తిరగాలి. అన్నీ ఒకే వైపు పెట్టావా, తేమ మారినప్పుడల్లా పలకంతా ఒకే పక్కకి మెలి తిరుగుతుంది. చిత్రిక పట్టేటప్పుడు చివర్ల దగ్గర 2 మిల్లీమీటర్లంటే బ్లేడు చెక్కని లాగేసి చీల్చేస్తుంది. అడుగున వాలుగా ఒక బల్ల చెక్క చేసి, రెండు వైపులా అంటుకునే టేపు పెట్టి దాని మీద అంటించి, అప్పుడు ప్లేనర్‌లోకి పంపు.

ఇంకోటి. 11 బదులు 12 అయిపోతే ఏముందిలే అనుకోకు. మందం ఒక్క మిల్లీమీటర్ పెరిగితే బిరుసుదనం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. మెత్తగా ఉండాల్సిన స్కీ దూలంలా తయారవుతుంది.

బాయిలర్‌మాస్టారు (విశాఖపట్నం) · అక్టోబర్ 10
బాబూ, నేను ప్రెజర్ వెసెల్స్ షాపులో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను. స్కీ నాకు తెలియదు, ఒత్తిడి తెలుసు. ఆగుతుందా అని అడిగావు గానీ ఎంత బలమో రాయలేదు. నేను వేస్తాను.

4 అంగుళాల హోస్ అంటే వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. బల్లపరుపుగా అణిస్తే 157 వెడల్పు. రెండిటికీ 314. పొడవు 1.8 మీటర్లు. 60 పీఎస్ఐ అంటే చదరపు మీటరుకి సుమారు 414 కిలోన్యూటన్లు. గుణిస్తే 234 కిలోన్యూటన్లు, దగ్గర దగ్గర 24 టన్నులు. పది టైర్ల లారీ లోడుతో సహా నీ గరాజ్‌లో రెండు బీముల మధ్య నిలబడి పైబీముని లేపాలని చూస్తోంది. ఆరు ఫ్రేములకి పంచితే ఒక్కోదానికి 4 టన్నులు, ఒక్కో బోల్టుకి 2. ఎం16 (16 మిల్లీమీటర్ల వ్యాసం), 8.8 గ్రేడు గట్టి ఉక్కు బోల్టు దానికి సులువుగా ఆగుతుంది. నాకు భయం బోల్టు గురించి కాదు. అడ్డపట్టీ వంగడం, వెల్డింగ్ సరిగ్గా కాలకపోవడం, అన్నిటికంటే హోస్ చివర బిగింపు. వెల్డింగ్ ఎవరు చేస్తున్నారు?

మంచుబాబు · అక్టోబర్ 11
24 టన్నులా! మాస్టారూ, రాత్రి నిద్ర పట్టలేదు నాకు. 60 అంటే కారు టైరుకి రెండింతలే కదా అనుకున్నాను. వెల్డింగ్ నేనే చేద్దామనుకున్నాను, యూట్యూబ్ చూసి...

బాయిలర్‌మాస్టారు · అక్టోబర్ 11
వద్దు. బీములకి వెల్డింగే లేకుండా డిజైన్ చెయ్యి. అడ్డపట్టీలకి బెజ్జాలు వేసి బోల్టులతో బిగించు. బోల్టు బలం పుస్తకంలో ఉంటుంది, నీ వెల్డింగ్ బలం దేవుడికి తెలియాలి.

ఒరెగాన్‌వాసి (బెండ్, ఒరెగాన్) · అక్టోబర్ 11
నేను ఇప్పటికి ఏడు జతలు చేశాను, అందులో మూడు చెత్తబుట్టకి పోయాయి. మాస్టారు గారి లెక్కలో కోత ఒకటి, దాని మీద కొసరు ఒకటి ఉన్నాయి.

కోత ఏంటంటే, హోస్ పూర్తిగా అణగదు. పైబీముకీ స్కీకీ మధ్య ఖాళీ ఎంతుంటే అంత ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ తాకే వెడల్పు తగ్గుతుంది. సులువైన లెక్క: హోస్ వ్యాసంలోంచి ఖాళీ తీసెయ్, మిగిలినదాన్ని 1.57తో గుణించు. ఖాళీ 25 మిల్లీమీటర్లయితే ఒక్కో హోస్ 118 వెడల్పున తాకుతుంది. 50 అయితే 78 మాత్రమే. గేజు మాత్రం రెండిట్లోనూ ఒకే అంకె చూపిస్తుంది. నా మొదటి జత పాడైంది ఇక్కడే, గేజుని నమ్మి. ఖాళీని 25కి తెచ్చేదాకా అచ్చు కింద చెక్కలు పేర్చుకోండి.

కొసరు చూడండి. హోస్‌కీ స్కీకీ మధ్య క్యాట్‌ట్రాక్ వేస్తారు, సన్నని అల్యూమినియం రేకు మీద అడ్డంగా అల్యూమినియం కడ్డీలు అంటించిన చాప. పొడవునా వంగుతుంది, అడ్డంగా వంగదు. రెండు హోస్‌లు కలిసి 236 మిల్లీమీటర్ల వెడల్పున నొక్కిన బలమంతా అది 110 మిల్లీమీటర్ల స్కీ మీదికి తెచ్చి పోస్తుంది. అంటే గేజు మీద 40 ఉంటే స్కీ మీద పడేది 86. మీరు 60 పెడితే దాదాపు 130! జిగురంతా పక్కల నుంచి కారిపోయి, పొరల మధ్య ఎండిన గ్లాస్ ఫైబర్ మిగులుతుంది. స్కీ మీద 40 కావాలంటే మీ ప్రెస్‌లో గేజు మీద 20 చాలు.

బాయిలర్‌మాస్టారు · అక్టోబర్ 12
భేష్. గేజు ఒత్తిడి వేరు, పని దగ్గరి ఒత్తిడి వేరు. ఇది నేను మొదటే అడగాల్సింది. 20కి, 236 వెడల్పుకి మళ్లీ వేశాను: 6 టన్నులు. ఫ్రేముకి ఒక టన్ను. ఇప్పుడు నేను కూడా నిద్రపోతాను.

రెసిన్‌రాణి (బెంగళూరు) · అక్టోబర్ 12
ఆరు టన్నులు కూడా ఎందుకు? నేను కాంపోజిట్స్‌లో, అంటే ఫైబర్ బట్టా రెసిన్ జిగురూ కలిపి వస్తువులు చేసే చోట, పని చేస్తాను. అరవై మీటర్ల గాలిమర రెక్కలనే వాక్యూమ్‌తో చేస్తారు. అచ్చు మీద పొరలు పేర్చి, ప్లాస్టిక్ సంచి కప్పి, గాలి లాగేస్తే వాతావరణమే నొక్కుతుంది. బీములు లేవు, బోల్టులు లేవు, పేలేది అంతకన్నా లేదు.

ఒరెగాన్‌వాసి · అక్టోబర్ 12
మేడమ్, వాతావరణం సముద్రమట్టంలో 14.7 పీఎస్ఐ. సాల్ట్ లేక్ సిటీ 1,300 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 12.6 దాటదు. ముందు వంపు దగ్గర 2 మిల్లీమీటర్ల చెక్కనీ ఉక్కు అంచునీ అచ్చు మీద కూర్చోబెట్టడానికి అది బొటాబొటీ.

రెసిన్‌రాణి · అక్టోబర్ 12
బొటాబొటీ అంటే చాలదని కాదు కదా. ఉక్కు అంచుని ముందే చేత్తో వంచి పెట్టుకుంటే చాలు. వాక్యూమ్‌తో స్కీలు చేసేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. అసలు ఆధునిక స్కీకి మూలపురుషుడు హోవర్డ్ హెడ్, బాల్టిమోర్‌లో విమానాల ఇంజనీరు. 1940ల చివర్లో అల్యూమినియం, ప్లైవుడ్ కలిపి చేసిన మొదటి స్కీలని రబ్బరు సంచిలో పెట్టి, గాలి లాగి, వేడి నూనెలో ముంచి అతికించాడు.

ఒరెగాన్‌వాసి · అక్టోబర్ 12
అవును. వెర్మాంట్‌లో స్టో అనే ఊళ్లో ఇన్‌స్ట్రక్టర్లకిస్తే ఆ మొదటి ఆరు జతలూ విరగ్గొట్టి చేతిలో పెట్టారు. 😀

రెసిన్‌రాణి · అక్టోబర్ 12
ఆ తర్వాత గెలిచింది కూడా ఆయనే లెండి. వాక్యూమ్ మాట ఇక్కడితో వదిలేస్తున్నా. కానీ జిగురు విషయంలో మాత్రం నా మాట వినాలి.

ఎపాక్సీలో రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుందని మన వాళ్లలో ఒక నమ్మకం. అది పాలిస్టర్ రెసిన్ అలవాటు. ఎపాక్సీలో ఎక్కువైన హార్డెనర్‌కి జతకట్టడానికి రెసిన్ ఉండదు, మెత్తగా అలాగే మిగిలిపోతుంది. తక్కెడ మీద గ్రాముల్లో తూచి కలపండి, కంటితో కాదు. కలిపాక గిన్నెలో ఉంచొద్దు. ముద్దగా ఉంటే తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. వెంటనే వెడల్పాటి ట్రేలో పోయండి. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఇవాళ ఏమీ కాదు, రేపూ ఏమీ కాదు. ఎప్పుడో ఒక రోజు ఒంటికి పడకుండా పోతుంది, ఇక జన్మలో ఎపాక్సీ ఉన్న గదిలోకి వెళ్లలేరు. నాతో పనిచేసిన ఒకాయన అలాగే ఉద్యోగం మారాడు.

ఉక్కు అంచుకీ గ్లాస్ ఫైబర్‌కీ మధ్య సన్నని రబ్బరు పట్టీ వేస్తున్నారు కదా? ఉక్కూ ఎపాక్సీ చలికి, దెబ్బకి ఒకేలా కదలవు. ఆ పట్టీ లేకపోతే మొదటి రాయి తగలగానే అంచు ఊడుతుంది.

మంచుబాబు · అక్టోబర్ 13
వేస్తున్నానక్కా. జిగురు గట్టిపడడానికి కావాల్సిన వేడి కోసం సిలికోన్ హీటింగ్ దుప్పట్లు రెండు ఆర్డర్ చేశాను, స్కీకి కిందొకటి, పైనొకటి. ఒక్కోటి 2 కిలోవాట్లు. బట్టల డ్రయ్యర్‌కి ఉన్న 240 వోల్టుల సాకెట్ నుంచి తీసుకుంటాను. 80 డిగ్రీల దగ్గర గంట. ప్రెస్ నడిచినంతసేపూ ఇంట్లో బట్టలారవు, ఆ మేరకు ఒప్పందం కుదిరింది.

బాయిలర్‌మాస్టారు · అక్టోబర్ 13
గాలి ఎక్కించే ముందు నీళ్లతో టెస్ట్ చెయ్యి. హైడ్రో టెస్ట్ లేకుండా మా షాపులోంచి ఒక్క డ్రమ్ము బయటికి పోలేదు. నీళ్లు నొక్కితే నలగవు, ఏదైనా తెగితే నాలుగు చుక్కలు కారి ఒత్తిడి పడిపోతుంది. గాలి అలా కాదు, స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. తెగినప్పుడు ఇనప ముక్కని వెంటేసుకుని వస్తుంది. నీ పని ఒత్తిడి 20 కాబట్టి ఒకటిన్నర రెట్లు, 30కి ఎక్కించి అరగంట ఉంచు. ఆ అరగంటా ప్రెస్ చివరలకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. నీళ్లే కదా అని పిల్లల్ని రానివ్వొద్దు.

మంచుబాబు · నవంబర్ 4
ప్రెస్ నిలబడింది! వెల్డింగ్ లేదు, అంతా బోల్టులే. ఈ శనివారం నీళ్లు నింపాను. 10, 20, 25... ఫ్రేమ్ కిర్రుమనలేదు. 30 దగ్గర అరగంట ఆగింది. ఇంకొంచెం చూద్దామని 34 దాకా వెళ్లాను (మాస్టారు తిడతారని తెలుసు). టప్ మని శబ్దం వచ్చి, ఎడమ పక్క హోస్ చివర బిగింపులోంచి జారి బయటికొచ్చింది. గరాజంతా నీళ్లు. నేను పక్క గోడ దగ్గర ఉన్నాను కాబట్టి తడిసింది ప్యాంటే.

విప్పి చూస్తే, హోస్‌ని పట్టుకున్న 6 మిల్లీమీటర్ల పట్టీ మధ్యలో ఉబ్బి ఉంది. బోల్టులు రెండు చివర్లలోనే ఉన్నాయి, మధ్యలో బిగువు లేదు.

బాయిలర్‌మాస్టారు · నవంబర్ 4
తిట్టను. 34 దగ్గర తెలియడం మంచిదే, గాలితో తెలిసి ఉంటే ఈ ఉత్తరం నువ్వు రాసేవాడివి కాదు. పట్టీ 12 మందం చెయ్యి. హోస్ చివరని ఒకసారి మడిచి, మడత వెనక బిగించు. జారబోతే ఆ మడతే పట్టీకి అడ్డం పడుతుంది. మళ్లీ నీళ్లతో చెయ్యి, మొదటి నుంచి.

ఊరికే_చూస్తున్నా · నవంబర్ 4
నాకు స్కీ ఎందుకో ఇంకా తెలియదు గానీ ఈ థ్రెడ్ రోజూ తెరిచి చూస్తున్నా. మా ఆవిడ కూడా అడుగుతోంది, ఆయన హోస్ ఏమైందని.

మంచుబాబు · డిసెంబర్ 2
మడత పెట్టి, పట్టీలు మార్చి 40 దాకా నీళ్లతో ఆగింది. మొదటి జత అయింది. మంచిదీ చెడ్డదీ రెండూ చెప్తాను.

ఒక్కో స్కీకి అర కిలో పైనే ఎపాక్సీ పట్టింది. పొరలు పేర్చడం గంటన్నర అనుకున్నాను, రెండున్నర పట్టింది. చేతులు వణికాయి. గ్లాస్ ఫైబర్ తడిసిందో లేదో రంగు చూసి తెలుసుకోవచ్చు, తెల్లగా ఉన్నచోట పొడి. మొదటిది 80 డిగ్రీల దగ్గర గంట ఉంచి, ఆపేసి, రాత్రంతా ప్రెస్‌లోనే వదిలేశాను. పొద్దున తీస్తే మధ్య వంపు 9 మిల్లీమీటర్లు. అచ్చు 8. రెండోదానికి ఓపిక లేకపోయింది. గంట కాగానే, ఇంకా వేడిగా ఉండగానే గాలి వదిలి తీసేశాను. వంపు 5.

ఇంకా ఘోరం: రెండిటికీ ముందు కొస దగ్గర, అరచేయంత మేర, పై పొర లేచి ఉంది. గోరుతో కొడితే డొల్ల శబ్దం. మిగతా అంతా బండలా ఉంది. అక్కడ మాత్రమే ఎందుకు?

రెసిన్‌రాణి · డిసెంబర్ 2
వంపు సంగతి నేను చెప్తా. ఎపాక్సీ వేడిగా ఉన్నప్పుడు ఇంకా మెత్తనే. అచ్చు పట్టు వదిలేస్తే చెక్క తన పాత ఆకారానికి లాక్కుపోతుంది, 5 వచ్చింది అందుకే. మొదటిదానికి 8 బదులు 9 రావడం అడుగు ప్లాస్టిక్ పని. అది వేడికి ఉక్కు కన్నా పదింతల పైగా సాగుతుంది, చల్లారాక అంతే ముడుచుకుని కింది పక్కని లాగుతుంది. తర్వాత అచ్చు 7కి చేయండి, రెండిటినీ ప్రెస్‌లోనే చల్లార్చండి. దానికి తప్ప దేనికైనా తొందర పడొచ్చు.

ఒరెగాన్‌వాసి · డిసెంబర్ 2
కొస దగ్గర లేచింది అంటే అక్కడ హోస్ లేదన్నమాట. చివర మడతకి హోస్ ఎంత పోయింది?

మంచుబాబు · డిసెంబర్ 3
ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. మడతకీ కొత్త పట్టీకీ కలిపి ఒక్కో వైపు 13 సెంటీమీటర్లు. హోస్ బిగింపు దగ్గర బల్లపరుపుగా మొదలై పూర్తిగా ఉబ్బడానికి ఇంకో అరడుగు. స్కీ కొస సరిగ్గా ఆ ఉబ్బని చోటు కింద ఉంది. జారడం ఆపడానికి పెట్టిన మడతే కొసని తినేసింది.

బాయిలర్‌మాస్టారు · డిసెంబర్ 3
నా సలహాతో వచ్చిన తప్పు, నాదే. మడిస్తే పొడవు తగ్గుతుందని చెప్పాల్సింది. కొత్త హోస్ రెండు వైపులా స్కీ కన్నా 30 సెంటీమీటర్లు ఎక్కువ కొయ్యి. బీములు 2 మీటర్లే కదా, బిగింపులు బీము బయటికి వేలాడనీ. కానీ బయట ఉన్న హోస్ పైనా కిందా ఆధారం లేకుండా గుండ్రంగా ఉబ్బకూడదు, అక్కడ రెండు చెక్కలు పెట్టి పట్టించు.

కొయ్యపని · డిసెంబర్ 3
లేచిన పొర కిందకి సిరంజితో ఎపాక్సీ ఎక్కించి, రెండు చెక్కల మధ్య పెట్టి సీ-క్లాంపులు బిగించు. వీణ బుర్రకి బీట వస్తే మా గురువుగారు ఇలాగే జిగురెక్కించేవారు. అప్పట్లో సిరంజి లేదు, పక్షి ఈక.

మంచుబాబు · డిసెంబర్ 19
సిరంజి పనిచేసింది అన్నా. అంచులు అడుగున 1 డిగ్రీ, పక్కన 2 డిగ్రీలు సాన పట్టి, నిన్న ఇక్కడికి దగ్గర్లోని బ్రైటన్ స్కీ రిసార్ట్‌కి తీసుకెళ్లాను. మొదటి పరుగు పిల్లలు నేర్చుకునే వాలు మీదే, బింకాలకి పోలేదు. ఎడమ కాలు మలుపులో గట్టిగా పట్టుకుంటోంది, కుడి కాలు కాస్త ఆలస్యంగా వింటోంది. 9కీ 5కీ తేడా మోకాలికి స్పష్టంగా తెలుస్తుంది. మధ్యాహ్నం కాళ్లు మార్చి తొడుక్కున్నాను, అప్పుడు ఎడమ కాలు మొండికేసింది. పద్నాలుగు పరుగులు, ఏదీ ఊడలేదు. లిఫ్ట్ దగ్గర ఒకాయన ఏ కంపెనీవి అని అడిగితే తెనాలి అన్నాను.

కొత్త హోస్, 7 మిల్లీమీటర్ల అచ్చు సిద్ధం. సంక్రాంతికి రెండో జత. ఈలోగా మా అబ్బాయి తనకి స్నోబోర్డు (రెండు కాళ్లూ పెట్టే ఒకే వెడల్పాటి పలక) కావాలంటున్నాడు. వెడల్పు 30 సెంటీమీటర్లు వస్తుంది. ఇదే ప్రెస్‌లో పట్టేస్తుంది కదా?

బాయిలర్‌మాస్టారు · డిసెంబర్ 19
బాబూ, నీ హోస్‌లు తాకే వెడల్పు 23.6. బోర్డు 30. రెండు అంచుల దగ్గరా మూడేసి సెంటీమీటర్ల పైన హోస్ లేదు, ఉక్కు ఉండేది అక్కడే. మూడో హోస్ పెట్టాలి, టన్నులు మారతాయి, అడ్డపట్టీ పొడవు పెరుగుతుంది. కాగితం తీసుకుని మొదటి నుంచి లెక్క వేసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను. అబ్బాయికి ఈ చలికాలం కాదని చెప్పు.